మీసాల వదిన

మా అత్తయ్య మగవాడని నాకు మొదటిసారి తెలిసింది ప్రెస్సులో, ఓ మంగళవారం పొద్దున, టీ తాగుతూ పేజీలు కట్టుకుంటుండగా. టీ కాస్తా కీబోర్డు మీద ఒలికిపోయింది. కీబోర్డు సంగతి తర్వాత, ముందు మా అత్తయ్య సంగతి చెప్తాను.

పుస్తకాలకి పేజీలు కట్టడం నా ఉద్యోగం. రచయితలు పంపిన మ్యాటర్ తీసుకుని అంచులు సరిచేసి, శీర్షికలు పైన నిలబెట్టి, ఫొటోలు ఖాళీల్లో ఇరికించి అచ్చుకి పంపుతాను. చదవడం నా పని కాదు. చదువుతూ కూర్చుంటే పని తెమలదు. పైగా చదివితే సగం పుస్తకాలకి పేజీలు కట్టబుద్ధి కాదు. అయినా కళ్ళు ఊరుకోవు కదా.

ఆ రోజు స్క్రీన్ మీదున్నది "మన ఆలోచనల చరిత్ర". మన భాషలో ఎవరెవరు ఏమేం కొత్తగా ఆలోచించారో మొదలంటా తవ్వి తీసిన గ్రంథం. ఒళ్ళో పెట్టుకుని చదివితే కాళ్ళు తిమ్మిరెక్కేంత లావు. రాసినాయన రిటైరైన ప్రొఫెసరు. ఆయన ప్రతి వాక్యానికీ పేజీ అడుగున ఒక వివరణ తగిలిస్తాడు. ఆ వివరణ అర్థం కాదేమోనని దానికింకో వివరణ. నా పేజీలన్నీ పైన బక్కగా, కింద బొద్దుగా తయారయ్యేవి. అందుకే మా ప్రెస్సులో అందరం ఆయన్ని చాటుగా ఫుట్‌నోట్ అంటాం.

నేను కడుతున్న అధ్యాయం పేరు "మారువేషంలో మహామేధావి". అది ఎప్పుడో మూతబడ్డ ఒక వారపత్రిక ఎడిటర్ గారి గురించి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ పత్రికలో "వదినతో ఒక మాట" అని ఒక పేజీ వచ్చేది. ఆడవాళ్ళు మారుపేర్లతో తమ కష్టాలు రాసి పంపితే, వదిన వాటికి జవాబులు చెప్పేది. ఊరూరా వాడవాడా ఆవిడ అందరికీ వదినే. ఆ జవాబుల్లో మన భాషలో అంతకుముందు ఎవరూ అనని ఒక గొప్ప ఆలోచన ఉందని ఫుట్‌నోట్ కనిపెట్టాడు. అక్కడిదాకా బాగానే ఉంది, ఆయన నోట్లో చక్కెర పొయ్యాలనిపించింది. ఆ తర్వాత, ఆ వదిన వేరెవరో కాదు, సాక్షాత్తూ ఎడిటర్ గారే అని తేల్చాడు. టీ ఒలికింది అక్కడే.

వదిన అంటే మా అత్తయ్య. మా నాన్నకి అక్క. మా అమ్మానాన్నలు పోయాక నన్ను పెంచి, చదివించి, ఇప్పటికీ నా ఇంట్లో నా మీదే పెత్తనం చేస్తున్న మనిషి. నా చిన్నప్పుడు కాగితం మోకాలి మీద పెట్టుకుని ఒక చేత్తో జవాబులు రాస్తూ, రెండో చేత్తో నాకు జడ వేసేది. కష్టాలు మరీ ఎక్కువైన వారం నా జడ వంకరగా వచ్చేది.

పత్రికలో ఆవిడ ఉద్యోగం రాయడం కాదు. చందాదార్ల చిరునామాలు రాసి, కట్టలు కట్టించే చందాల గదిలో గుమాస్తా. అప్పట్లో ఆ ఆఫీసులో ఒక అలవాటుండేది. ఆడవాళ్ళ పేజీలన్నీ మగవాళ్ళే ఆడపేర్లు పెట్టుకుని రాసేవాళ్ళు. వంటల పేజీ రాసే పిన్నికి బట్టతల. అందచందాల పేజీ రాసే అమ్మాయికి ముగ్గురు మనవలు. మొదటి వదిన కూడా మగవాడే, ఈ మూల నుంచి ఆ మూలకి మీసాలున్న సబ్ ఎడిటరు. ఆయన ఒక వారం ఎడిటర్ గారితో పోట్లాడి వెళ్ళిపోయాడు. పేజీ ఖాళీ, అచ్చు యంత్రం ఎదురుచూస్తోంది. ఎడిటర్ గారు గబగబా నడుచుకుంటూ చందాల గదిలోకి వచ్చి, "నువ్వు ఆడదానివే కదా, ఈ వారానికి ఏదో ఒకటి రాసిపడెయ్" అన్నాడు. అత్తయ్య రాసిపడేసింది. పత్రిక మూతబడేదాకా వారం వారం రాసిపడేస్తూనే ఉంది.

ఆ మీసాలాయన ముసలితనంలో జ్ఞాపకాలు రాస్తూ ఒక జోకు వేశాడు: "మా పత్రికలో ఆడవాళ్ళందరికీ మీసాలుండేవి." జనం పడీ పడీ నవ్వుకున్నారు. ఆ ఒక్క నవ్వులో మా అత్తయ్య కొట్టుకుపోయింది. ఆ జోకే ఇప్పుడు మహాగ్రంథంలో సాక్ష్యంగా వచ్చి కూర్చుంది, అడుగున ఫుట్‌నోట్‌తో సహా.

ఫుట్‌నోట్ మధ్యాహ్నం ప్రూఫులు చూడటానికి వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో వెతుక్కుంటున్నట్టు ఉంటాడు. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని కళ్ళజోడు కోసం వెతుక్కునే రకం. నేను ఉగ్గబట్టుకోలేక ఆయన కూర్చోకముందే అనేశాను.

"సార్, వదిన ఎడిటర్ గారు కాదు. మా అత్తయ్య."

ఆయన ముద్దు చేస్తున్నట్టు నవ్వాడు. చిన్నపిల్ల చందమామ కావాలంటే నవ్వినట్టు.

"చాలామంది ఇళ్ళలో ఇలాంటి కథలుంటాయమ్మా. మా మేనమామ కూడా వంటల పిన్ని తనేనని చెప్పుకునేవాడు."

"ఆ జవాబులు చదవండి సార్. చంటిపిల్లని భుజాన వేసుకుని పాలు పొంగకుండా చూడటం గురించి ఎంత రాసింది! ఎడిటర్ గారు జన్మలో పాల గిన్నె ముట్టుకున్నారా?"

"అదే కదా నేననేది!" ఆయన మొహం వెలిగిపోయింది. "ముట్టుకోకుండానే అంత కళ్ళకి కట్టారంటే ఏమనాలి? పరకాయప్రవేశం!"

"మరి ఎడిటర్ గారి సంపాదకీయాలకీ ఈ జవాబులకీ ఒక్క పోలికైనా ఉందా? ఆయన వాక్యం మొదలుపెడితే ముగిసేసరికి మనకి ఆవలింతలొస్తాయి. వదిన వాక్యం చెంప ఛెళ్ళుమనిపిస్తుంది."

"ఒక్క పోలిక కూడా దొరకనివ్వలేదు చూశావా. అదీ ప్రతిభ."

"అంటే పోలికుంటే ఆయన రాసినట్టు, లేకపోతే ఇంకా బాగా ఆయనే రాసినట్టా?"

"ఇప్పుడర్థమైంది నీకు," అని ఆయన సంతోషంగా ప్రూఫుల మీదికి వంగాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. గోడకి చెప్పినా కాస్త పెచ్చైనా ఊడేది.

సాయంత్రం ఆ అధ్యాయం ప్రింటు తీసి ఇంటికి పట్టుకెళ్ళాను. అత్తయ్య కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, భూతద్దం పెట్టుకుని పేపర్లో పదకేళి నింపుతోంది. ఎనభై దాటాయి, మోకాళ్ళు ఆవిడ మాట వినవు, ఆవిడ ఎవరి మాటా వినదు. విషయం చెప్పాను. మొదట పగలబడి నవ్వింది.

"ఎవరూ, ఎడిటరా? ఆ మనిషి ఆడవాళ్ళకి సలహా చెప్పాడా? చొక్కా బొత్తాం ఊడితే చొక్కా పారేసేవాడే ఆయన!" నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. "ఏదీ, ఇటియ్యి. నా మీసాలు ఎలా ఉన్నాయో చూసుకుంటాను."

భూతద్దం కాగితం మీద ఆనించి చదవసాగింది. ఫుట్‌నోట్ ఆకాశానికెత్తిన ఆ గొప్ప ఆలోచన ఆ పేజీలో నల్లటి అక్షరాల్లో, మధ్యలో, విడిగా ఉంది. అలా నిలబెట్టింది నేనే, ఎవరిదో తెలియకముందే, చూడగానే బాగుందనిపించి. "ఒకరి తీరిక వెనక ఇంకొకరి పని ఉంటుంది. ఆ ఇంకొకరి పేరు చెప్పకుండా, ఆ తీరికలో పుట్టిన ఆలోచన కింద ఎవరూ ఒంటరిగా సంతకం పెట్టకూడదు." దాని కింద ఎడిటర్ గారి పేరు ఒంటరిగా ఉంది.

అత్తయ్య నవ్వు ఆగిపోయింది. భూతద్దం ఆ వాక్యం మీదే ఉండిపోయింది.

"పోనీలే అత్తయ్యా," అన్నాను భయమేసి. "నీకు పేరు మీద మోజు లేదు కదా."

"ఎవరు చెప్పారే నీకు?" తలెత్తింది. కళ్ళు ఎర్రబడ్డాయి. "అడిగేవాళ్ళు లేక ఊరుకున్నాను. మీసాలాయన జోకు వేసినప్పుడు అందరూ నవ్వుతుంటే, ఒక్కదాన్నే ఏడిస్తే బాగోదని నేనూ నవ్వాను. అంతేగానీ వద్దని ఎవరితో అన్నాను? ఈ వాక్యం రాయడానికి ఎన్నాళ్ళు పట్టిందో తెలుసా? కూరగాయలు తరుగుతూ అనుకున్నాను, నీ జడ వేస్తూ మార్చుకున్నాను, చిరునామాలు రాస్తూ సగానికి కోశాను. ఇది నాది. నాకు పేరు కావాలి. చాలా కావాలి."

ఆవిడ ఏదైనా కావాలని అడగడం నేనెప్పుడూ వినలేదు. ఆ రాత్రి ఇద్దరం సరిగ్గా తినలేదు, ఒకళ్ళకొకళ్ళం బాగా తిన్నట్టు కనపడ్డాం.

మర్నాడు నా వెంట ప్రెస్సుకి వస్తానని కూర్చుంది. వద్దంటే వినే రకం కాదు. మా ప్రెస్సు మేడ మీద. ప్రతి మెట్టునీ, దాన్ని కట్టించిన వాణ్ణీ తిట్టుకుంటూ ఎక్కింది. ఫుట్‌నోట్ ఆవిణ్ణి చూడగానే మర్యాదగా లేచి నిలబడి తన కుర్చీ ఇచ్చాడు.

"అమ్మా, మీరు ఆ పత్రికలో పని చేశారని విని చాలా సంతోషించాను. ఎడిటర్ గారు మీకు చెప్పి రాయించేవారా?"

"ఆయన చెప్పడం, నేను రాయడమా? ఆయన చెప్పేది ఆయనకే అర్థమయ్యేది కాదు నాయనా."

"పోనీ, ఆయన రాసింది శుభ్రంగా తిరగరాసేవారేమో. మనిషికి ఒక్కోసారి, తిరగరాసీ రాసీ, తనే రాసినట్టు అనిపిస్తుంది. తప్పు పట్టడం లేదు, సహజం." ఆయన ఏదో దానం చేస్తున్నవాడిలా చెయ్యి చాపాడు. "ముందుమాట చివర్లో కృతజ్ఞతలున్నాయి. అక్కడ 'శుభ్రప్రతి తయారుచేసినవారు' అని మీ పేరు తప్పకుండా వేస్తాను."

అత్తయ్య ఆయన్ని ఎగాదిగా చూసింది.

"మీరు ఈ పుస్తకం రాస్తున్నన్నాళ్ళూ మీ ఇంట్లో టీవీ సౌండు ఎవరు తగ్గించారు?"

"మా ఆవిడ... ఎందుకండీ?"

"ఆవిడ పేరెక్కడ వేశారు?"

ఆయన కృతజ్ఞతల పేజీ తిరగేశాడు. వేసినట్టు లేదు. నాకు తెలుసు, ఆ పేజీ కూడా నేనే కట్టాను. కుక్కపిల్ల పేరు కూడా ఉంది అందులో.

"చూడండమ్మా," అన్నాడు, కాస్త గట్టిగానే. "ఇది చరిత్ర. నోటిమాట మీద మార్చలేను. మీ మేనకోడలు చెప్పిందనో, మీరు చెప్పారనో రాస్తే రేపు అందరూ నన్ను చూసి నవ్వుతారు. శుక్రవారం ఎడిటర్ గారి భార్య ఇక్కడికొస్తున్నారు, భర్త ఫొటో ఎంచి ఇవ్వడానికి. ఆవిడ ఎదురుగా చదివి వినిపిస్తాను. ఆవిడ కాదంటే మారుస్తాను. అవునంటే పుస్తకం అచ్చుకి పోతుంది."

అంత ధైర్యంగా ఎందుకన్నాడంటే, ఆయనకి జవాబు ముందే తెలుసు. చచ్చిపోయిన మొగుణ్ణి మహామేధావి అంటుంటే కాదు పొమ్మనే పెళ్ళాం ఎక్కడుంటుంది? అచ్చయిపోతే ఇక అంతే. ఆ పుస్తకం ప్రతి లైబ్రరీకీ వెళ్తుంది. రేపు చదువుకునేవాళ్ళు దాన్ని చూసి రాస్తారు, ఎల్లుండి చదువుకునేవాళ్ళు వాళ్ళని చూసి రాస్తారు. మా అత్తయ్యకి మీసాలు శాశ్వతంగా మొలుస్తాయి.

"నువ్వు శుక్రవారం రావద్దులే," అన్నాను దారిలో.

"ఎందుకు రాకూడదు? నన్ను మగవాణ్ణి చేస్తుంటే నేను దగ్గరుండి చూడొద్దా?" అంది.

శుక్రవారం ఎడిటరమ్మ గారు వచ్చారు. మా అత్తయ్య కంటే రెండు మూడేళ్ళు చిన్నదేమో. పొట్టిగా, గుండ్రంగా, ఇస్త్రీ నలగని చీరలో, పౌడరు వాసనతో, చేతిలో ఫొటోల కవరుతో. ఆవిడ నడిస్తే నేల చప్పుడయ్యేది. కర్రతో కాదు, కాళ్ళతోనే. టకటకమని గది దద్దరిల్లేలా నడిచి వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నారు. మా అత్తయ్య మూలగా స్టూలు మీద ఉంది. ఫుట్‌నోట్ ఆవిణ్ణి పరిచయం చెయ్యలేదు. చేస్తే ఎలా చెయ్యాలో ఆయనకి తోచలేదనుకుంటాను.

ముందు ఫొటోల కార్యక్రమం. ఎడిటరమ్మ గారు ఒక్కోటి తీసి చూపిస్తూ వంకలు పెట్టారు. "ఇందులో ఆలోచిస్తున్నట్టు లేడు, కునుకు తీస్తున్నట్టున్నాడు. ఇందులో మరీ ఎక్కువ ఆలోచిస్తున్నాడు, కడుపునొప్పేమో అనుకుంటారు." చివరికి ఒకటి నచ్చింది. దాన్ని స్కాన్ చేసి అధ్యాయం మొదట్లో పెట్టాను. మంచి పెద్ద ఫొటో, సగం పేజీ ఆక్రమించింది.

నేనిక ఆగలేకపోయాను. "అమ్మగారూ, 'వదినతో ఒక మాట' పేజీ ఎడిటర్ గారే రాసేవారా?"

"ఆయన రాయనిదంటూ ఏముందమ్మా," అన్నారావిడ, ఫొటో వంక మురిపెంగా చూసుకుంటూ. "ఆ పత్రికంతా ఆయనదే."

ఫుట్‌నోట్ నా వైపు చూసి, పాపం, జాలిగానే తలూపాడు. మా అత్తయ్య స్టూలు అంచు పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆవిడ ముఖం ఇంకా నా కళ్ళముందే ఉంది. ఆయన అంతటితో ఆపి ఉంటే కథ అక్కడే ముగిసేది. కానీ ఫుట్‌నోట్ కదా, ఇంకొంచెం వివరించకుండా ఉండలేడు.

"మీకు ముఖ్యమైన భాగం చదివి వినిపిస్తాను అమ్మగారూ," అని గొంతు సవరించుకున్నాడు. "ఎడిటర్ గారి మౌనకాలం! వదిన పేజీలో ఆ గొప్ప జవాబు రాసిన వెంటనే ఆయన సంపాదకీయాలు కొన్ని వారాలపాటు ఆగిపోయాయి. ఆ స్థానంలో ఒక వంతెన బొమ్మ మాత్రమే వచ్చేది. తన ఆలోచనా తీవ్రతకి తనే చలించి, మేధావి మౌనంలోకి జారుకున్నాడు. వంతెన అంటే స్త్రీకీ పురుషుడికీ మధ్య..."

"వంతెనా?" మూలనుంచి మా అత్తయ్య అంది. "ఆ బొమ్మ అచ్చేసే దిమ్మని చందాల గది తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టేవాళ్ళం. ఖాళీ నింపడానికి ఏదీ దొరక్క దాన్నే పట్టుకెళ్ళి అచ్చేశారు."

ఫుట్‌నోట్ విననట్టు నటించాడు. వంతెన గురించి ఆయన రెండు పేజీలు రాశాడు మరి. ఎడిటరమ్మ గారు మాత్రం కనుబొమలు ముడిచారు.

"ఏ జవాబు తర్వాత? ఆ ప్రశ్న చదువు నాయనా."

"ప్రశ్న కూడా ఎడిటర్ గారు కల్పించుకున్నదే అమ్మగారూ. ఎంత అద్భుతమైన కల్పనో చూడండి." చదివాడు: "'వదినా, నా భర్త ఆలోచించే మనిషి. ఆయన ఆలోచిస్తుంటే ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు, పిల్లలు దగ్గకూడదు. మునివేళ్ళ మీద నడిచీ నడిచీ, మడమలు నేలకి ఆనించడమే మర్చిపోయాను. ఏం చెయ్యమంటావు?'"

ఫొటోల కవరు ఎడిటరమ్మ గారి ఒళ్ళోంచి జారి కింద పడింది.

"ఎవరు కల్పించుకున్నది?" అన్నారు ఎడిటరమ్మ గారు.

"ఎడిటర్ గారు."

"ఆయన కల్పించుకున్నాడా?" ఆవిడ గొంతు లేచింది. "ఆ మడమలు నావి!"

ఫుట్‌నోట్ నుదుటి మీది కళ్ళజోడు జారి ముక్కు మీద పడింది.

"నేను రాశాను నాయనా ఆ ప్రశ్న. ఆయనకి తెలియకుండా, మారుపేరుతో, పక్కింటావిడ చేత పోస్టు చేయించాను. వారం వారం ముందు ఆ పేజీ తిప్పి చూసుకునేదాన్ని. ఒకరోజు జవాబొచ్చింది. చదువు, దాని జవాబు కూడా చదువు."

ఆయన కాగితాలు తిరగేస్తుండగానే, మూలనుంచి మా అత్తయ్య మొదలుపెట్టింది. కాగితం లేదు, భూతద్దం లేదు.

"'మునివేళ్ళ మనిషీ, ముందు మడమలు నేలమీద పెట్టు. ఒకరి తీరిక వెనక ఇంకొకరి పని ఉంటుంది. ఆ ఇంకొకరి పేరు చెప్పకుండా, ఆ తీరికలో పుట్టిన ఆలోచన కింద ఎవరూ ఒంటరిగా సంతకం పెట్టకూడదు. కొన్నాళ్ళు మామూలుగా నడువు. గిన్నెలు మామూలుగా తోము. పిల్లల్ని దగ్గనియ్యి. ఆలోచన అంతా ఆయనదే అయితే ఆ చప్పుడుకి చావదు. చచ్చిందంటే అందులో సగం నీదన్నమాట.'"

"నడిచాను," అన్నారు ఎడిటరమ్మ గారు. ఆవిడ అత్తయ్యని చూడటం లేదు ఇంకా, ఫుట్‌నోట్‌నే చూస్తున్నారు. "దబదబా నడిచాను. గిన్నెలు ఖణఖణలాడేలా తోమాను. పిల్లలు ఇల్లు పీకి పందిరేశారు. ఈయన కాగితం ముందు కూర్చుని జుట్టు పీక్కునేవాడు. ఒక్క వాక్యం రాలేదు. అదీ నువ్వు చెప్పే మౌనం. మేధావి మౌనంలోకి జారుకోలేదు నాయనా, టీ ఇచ్చేవాళ్ళు లేక చతికిలపడ్డాడు."

నేను నవ్వాపుకోలేక స్క్రీన్ వెనక తల దాచుకున్నాను.

"కానీ అమ్మగారూ," ఫుట్‌నోట్ మునిగిపోతూ ఆఖరి గడ్డిపోచ పట్టుకున్నాడు, "ఆ జవాబు ఆయనే రాసి ఉండొచ్చు కదా, మీకు పరోక్షంగా..."

"నా పాట్లేమిటో ఆయనకి తెలిస్తేగా జవాబు రాయడానికి? నీకెందుకింత పొగరొచ్చిందని అడిగితే, ఆ పేజీ తీసి మొహం ముందు పెట్టాను. ఇల్లెగిరిపోయేలా అరిచాడు. 'చందాల గదిలో కూర్చునే దానికి పేజీ ఇచ్చాను చూడు, నాదీ బుద్ధి తక్కువ! రేపే పీకేస్తాను' అన్నాడు. ఆయనే వదినైతే తన్ను తనే పీకేసుకుంటాడా?" ఆవిడ ఊపిరి పీల్చుకున్నారు. "ఇందాక ఈ అమ్మాయి అడిగితే, ఆయన పత్రిక గురించి కదా అని అవునన్నట్టు అనేశాను. ఇన్నేళ్ళూ తలూపడమే అలవాటు. వదినే ఆయనంటే ఎలా ఊరుకుంటాను? నా మొగుడు నాకు వదినా?"

మా అత్తయ్య లేచింది. మోకాళ్ళు పట్టుకుని, టేబులు అంచు పట్టుకుని, నెమ్మదిగా ఆవిడ కుర్చీ దగ్గరికి వెళ్ళింది.

"చందాల గదిలో కూర్చునేదాన్ని నేనే," అంది. "మర్నాడు ఆయన గుమ్మందాకా వచ్చి, నన్ను చూసి, ఏమీ అనకుండా తిరిగి వెళ్ళిపోయాడు. ఎందుకొచ్చాడో ఇప్పటిదాకా నాకు తెలీదు."

"పీకేస్తే నేను పుట్టింటికి పోతానన్నాను," అన్నారు ఎడిటరమ్మ గారు. ఆవిడ కింది నుంచి పైకి మా అత్తయ్య ముఖం వెతుక్కుంటూ చూశారు. "నువ్వా వదినా?"

"నేనే. పనికొచ్చిందా?" మా అత్తయ్య అడిగింది. "అన్నేళ్ళు జవాబులు రాశాను. పంపడమే తప్ప, ఒక్కటైనా ఎవరికైనా పనికొచ్చిందో లేదో నాకెవరూ చెప్పలేదు. పనికొచ్చిందా?"

ఎడిటరమ్మ గారు కుడి కాలు ఎత్తి, మడమని నేలకేసి ఠపీమని కొట్టారు. తర్వాత ఎడమ కాలు. కింది అంతస్తులో ఎవరో "ఏమైందండీ?" అని కేక పెట్టారు. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, నవ్వో ఏడుపో తెలీకుండా ఊగిపోయారు. నేను మాత్రం ఏడ్చాను, దాచుకోలేదు.

ఫుట్‌నోట్ ప్రూఫులు దగ్గరికి లాక్కున్నాడు. ఆయన్ని మెచ్చుకోవాల్సింది ఇక్కడే. తప్పించుకునే దారులు ఆయనకి ఇంకా చాలా తెలుసు, ఒక్కటీ వాడలేదు. ఎర్ర పెన్ను తీసి వంతెన పేజీలు రెండూ అడ్డంగా కొట్టేశాడు. అది ఆయనకి పళ్ళు పీకించుకున్నంత పని. తర్వాత వరండాలోకి వెళ్ళి ఇంటికి ఫోన్ చేసి, చాలాసేపు మెల్లగా మాట్లాడి వచ్చాడు.

"అధ్యాయం మళ్ళీ రాస్తాను," అన్నాడు. "శీర్షికలో మహామేధావి తీసెయ్యమ్మా. ఆవిడ పేరే పెట్టు, అంతే. కింద ఆ వాక్యం."

పెట్టాను. అత్తయ్య వచ్చి నా పక్కన కూర్చుని, భూతద్దం స్క్రీన్‌కి ఆనించి తన పేరు చూసుకుంది. చాలాసేపు చూసింది. వేలు పెట్టి తడిమింది. స్క్రీన్ మీద మరక పడుతుందని నేననలేదు.

"ఇంత చిన్నగానా?" అంది.

"అన్ని అధ్యాయాలకీ శీర్షిక ఒకటే సైజమ్మా," ఫుట్‌నోట్ నచ్చజెప్పబోయాడు. "అది పుస్తకం పద్ధతి."

"వాళ్ళంతా మొదటినుంచీ ఉన్నారు. నేను ఇన్నేళ్ళు లేకుండా ఉన్నాను. ఇప్పుడు కాస్త పెద్దగా ఉంటే ఏం పోయింది?"

ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూడకుండా పేరు ఒక మెట్టు పెంచాను.

"ఇంకాస్త," అంది అత్తయ్య.

పెంచాను. పేరు కిందకి దిగి, ఆ వాక్యాన్ని తోసింది. వాక్యం ఎడిటర్ గారి ఫొటోని తోసింది. ఇంకాస్త పెంచేసరికి, సగం పేజీ ఫొటో మొత్తంగా ఎగిరి కాగితం వెనక పేజీకి పోయింది.

నేను భయంభయంగా ఎడిటరమ్మ గారి వైపు తిరిగాను. ఆవిడ కాళ్ళు రెండూ నేలకి ఆనించి హాయిగా కూర్చుని ఉన్నారు.

"ఉండనీవమ్మా," అన్నారు. "ఇన్నాళ్ళూ వెనక నేనున్నాను. ఇప్పుడు ఆయన్నుండనీ."